ఊట వంపు దగ్గర ఒక పుల్ల

గుండ్రాళ్ళ గుట్టకి ఇవతల అడవి, అవతల కొంగల చెరువు. ఈ రెంటికీ మధ్య ఒక దారి. పెద్ద దారేం కాదండీ. ఎదురెదురుగా రెండు గాడిదలొస్తే ఒకటి పక్కకి తప్పుకోవాలి, అంతే వెడల్పు. కానీ ఎంత హాయైన దారో! గుట్ట ఎక్కుతున్నట్టే ఉండదు. కబుర్లు చెప్పుకుంటూ పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, చింతచెట్ల తలలు మన కాళ్ళ కింద ఉంటాయి. అయ్యో, ఎప్పుడెక్కాం ఇంతెత్తు అనిపిస్తుంది.

ఆ దారికి ఎవరూ గీత గియ్యలేదు, పలుగు పట్టలేదు. గాడిదలు వేశాయి. వీపు మీద బరువున్న గాడిద నిట్టనిలువుగా ఎక్కదు కదా. కాలు పెట్టి చూస్తుంది, వాలు ఎటుందో అటు తిరుగుతుంది, కాస్త పోయి మళ్ళీ ఇటు తిరుగుతుంది. అలా ఎన్ని తరాల గాడిదలు, ఎన్ని బరువులు మోస్తూ తిరిగితే ఆ దారి అంత మెత్తగా అయిందో ఎవరు లెక్క చెప్పగలరు?

ఇప్పుడా గాడిదల్లో మిగిలింది ఒక్క సింగారమ్మే.

ఒకప్పుడు పన్నెండు గాడిదలుండేవి. సంత రోజొస్తే చింతపండు బుట్టలు, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు వేసుకుని తెల్లారేసరికి బయల్దేరేవి. అన్నిటికన్నా ముందు సింగారమ్మ వాళ్ళమ్మ నల్లమ్మ, మెడలో గంటతో. గంట ఎక్కడ మోగితే మిగతా పదకొండూ అక్కడికి. గుట్ట దిగి చెరువు గట్టు మీదికొచ్చేసరికి నీళ్ళ మీద పొగమంచు లేస్తూ ఉండేది, అందులోంచి కొంగలు ఒక్కొక్కటే ఊడిపడ్డట్టు కనబడేవి. పొట్టి కాళ్ళ పిల్లగాడిద సింగారమ్మ, అమ్మ తోక వాసన పట్టుకుని నడిచేది. ఆ వాసన, తడిసిన అడ్డాకుల వాసన, చెరువు జమ్ముగడ్డి వాసన, మూడూ కలిసి ఉండేవి. ఇప్పటికీ చలికాలం పొద్దున్నే సింగారమ్మ ముక్కు ఎగరేసి ఆ మూడు వాసనల కోసం వెతుక్కుంటుంది. రెండే దొరుకుతాయి, అమ్మది దొరకదు.

తర్వాత గుట్టకి అటువైపు తారు రోడ్డు పడింది. బుట్టలు బండ్లెక్కాయి. గాడిదలతో పని లేకుండా పోయింది. ఒకటి ముసలిదై పోయింది, ఒకటి ఊళ్ళోకి పోయింది, ఒకటి ఎటు పోయిందో కూడా తెలియదు. సింగారమ్మని మాత్రం అడవి అంచున వదిలేశారు. వదిలేసినా ఆవిడ ఊరుకుందా? రోజూ పొద్దున్న బరువు లేకపోయినా అదే దారిన చెరువుకి పోయి, నాలుగు గుక్కలు తాగి, మళ్ళీ అదే దారిన రావడం.

"ఎందుకక్కా ఆ తిరుగుడు? నీళ్ళు ఇక్కడ వాగులో లేవా?" అని అడిగేవి కుందేళ్ళు.

"నీళ్ళ కోసం కాదమ్మా. దారి కోసం" అనేది.

నిజమే మరి. అడవిలో దారి అంటే కాలే. ఒక్క వానాకాలం కాలు పడకపోతే చాలు, గడ్డి కప్పేస్తుంది, కంప అల్లుకుంటుంది. తేనెరాళ్ళకి పోయే దారి అలాగే పోయింది. సింగారమ్మ కళ్ళ ముందే. ఇప్పుడు ఎక్కడుండేదో చూపించమంటే ఆవిడకే తెలియదు. అందుకే భయం. ఎంత చేసినా నాలుగు కాళ్ళు. వయసైన కాళ్ళు. తను పడిపోయిన ఏడాదే దారీ పోతుంది. అమ్మ గంట మోగిన ప్రతి మలుపూ పోతుంది.

ఆ దారి మీద ఒక పద్ధతి ఉండేది, అది కూడా చెప్పాలి. చెరువు దాటి గుట్ట మొదలయ్యే చోట దారి ఒక వంపు తిరుగుతుంది. ఊట వంపు అంటారు. అక్కడికొచ్చాక ప్రతి గాడిదా నోట్లో ఒక ఎండు పుల్ల తెచ్చి అక్కడ పడేసి, దాని మీద కాలేసి పోవాలి. మొదటిసారి వచ్చినప్పుడు సింగారమ్మ అడిగింది.

"ఎందుకమ్మా ఇది?"

"మా అమ్మ వేసింది."

"అమ్మమ్మ ఎందుకు వేసింది?"

"వాళ్ళమ్మ వేసింది. నోట్లో పుల్ల పెట్టుకుని ఇన్ని మాటలేంటే! వేసి నడువు."

అంతే. అప్పట్నుంచి వేస్తూనే ఉంది. పన్నెండు గాడిదలున్నప్పుడు పన్నెండు పుల్లలు. ఇప్పుడు ఒకటి. ఎందుకో మాత్రం ఆవిడకీ తెలియదు. పోయినవాళ్ళకి దణ్ణం లాంటిదేమో అనుకుంది, అలా అనుకుంటే మనసుకి బాగుంది, ఇంక అడగలేదు.

ఇలా ఉండగా ఆ ఏడు ఎండాకాలం చివర్లో ఒక కబురొచ్చింది. బస్తీ జంతువులు అడవి చూడ్డానికి వస్తామంటున్నాయట. పెద్ద సాహసాలేం వద్దట. కాళ్ళు నొప్పుట్టకుండా కాస్త అడవి, కాస్త చెరువు, కూర్చోడానికి రెండు మూడు చోట్లు, మధ్యాహ్నం తిండి వేళకి తిరిగొచ్చెయ్యాలట.

అడవికి పెద్ద ఎలుగుబంటి జంగయ్య. ఇప్పచెట్టు కింద అందర్నీ పిలిచాడు. మంచివాడే, కానీ మాట మధ్యలో కునుకు తీస్తాడు.

"వచ్చేవాళ్ళకి ఒక దారి చూపించాలి. ఒకటే. రెండుంటే తప్పిపోతారు, మళ్ళీ నేనే వెతకాలి. ఒకటి ఖాయం చేసి, రెండోదానికి తుమ్మకంప అడ్డం..." అని కునికాడు.

"వేసేద్దాం అంటారు" అని పూర్తిచేశాడు నక్క నారప్ప, ముందుకొస్తూ. "పెద్దయ్య మాటే మాట. దారి నేను చూపిస్తా. గుట్ట మీంచి సూటిగా. మా గుహ ముందు నుంచి పోతుంది. చల్లటి చోటు. వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుని తెచ్చుకున్నది తింటారు. మరమరాలు, బిస్కెట్లు..."

"ఓహో, కింద పడ్డవి ఎవరు ఊడుస్తారో!" అంది కుందేలు.

"సేవ చేసేవాణ్ణి అనుమానించకూడదమ్మా" అన్నాడు నారప్ప, చెవి గోక్కుంటూ.

సింగారమ్మ గొంతు సవరించుకుంది. నలుగురిలో మాట్లాడ్డం ఆవిడకి అలవాటు లేదు.

"అన్నా జంగయ్యా, దారి ఉంది కదా. మా దారి. ముసలివాళ్ళు కూడా పోగలరు."

నారప్ప పకపకా నవ్వాడు. "అత్తా, నీ దారా? చెరువు అక్కడుంటే నువ్వు ఇటు తిరిగి, అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి, పోయినచోటికే వచ్చి... దాన్ని దారంటారా? తాగినవాడి నడక అంటారు."

అందరూ నవ్వారు. సింగారమ్మ చెవులు వాలిపోయాయి. తన దారిని కాదు, తన వాళ్ళందర్నీ కలిపి నవ్వినట్టు తగిలింది. పైగా తుమ్మకంప మాట విన్నాక గుండెలో ఏదో గుచ్చుకుంది. కంప అడ్డం పడితే తనూ పోలేదు. ఇంక వానలెంతో దూరం లేవు.

"వాడి దారిన కంప వేస్తే వాడికేం కాదన్నా" అంది మెల్లిగా. "నా దారికి కంప వేస్తే, వచ్చే ఏటికి దారే ఉండదు."

జంగయ్య ఒక కన్ను తెరిచాడు. "సరే. ఆదివారం ముగ్గురొస్తున్నారు. పోయేటప్పుడు నారప్ప దారిన తీసుకుపోండి. వచ్చేటప్పుడు సింగారమ్మ దారిన తీసుకురండి. ఇద్దరూ వెంట ఉండండి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఈ చెట్టు కిందికి రావాలి. వాళ్ళేది బాగుందంటే అదే. ఇంకో మాట. వచ్చినవాళ్ళ మీద కోరపన్ను పడిందో, నా గోరు పడుతుంది."

చివరి మాట నారప్పకేసి చూసి అన్నాడు.

నారప్పకి అప్పుడే తెలిసిపోయింది, తన దారి తేలిగ్గా గెలవదని. నిట్టనిలువు. తనకే నాలుక వేళ్ళాడుతుంది. తను గెలవడం కష్టమైతే ముసల్ది ఓడిపోవాలి, అంతే కదా లెక్క! శనివారం మధ్యాహ్నం, సింగారమ్మ చెరువుకి పోయొచ్చి నిద్రపోతున్నప్పుడు, ఊట వంపు దగ్గరికి పోయి కూర్చున్నాడు. రోజూ ముసల్ది ఇక్కడికొచ్చి పుల్లల కుప్ప చూసుకుంటుంది, ఒకటి వేస్తుంది, తిరుగుతుంది. ఓహో, ఇది గుర్తన్నమాట! కుప్ప కనబడితేనే ముసల్దానికి వంపు తెలుస్తుంది. కుప్ప లేకపోతే తిన్నగా పొదల్లోకి పోతుంది. అందరి ముందూ దారి తప్పిన గాడిద! వాడికి ఒంటరిగా కూర్చునే నవ్వొచ్చింది.

పక్కనున్న బండ మీద నిలబడి, పళ్ళతో లాగి, పైపైనున్న పుల్లలన్నీ తీశాడు. ఒక వరస, రెండు, మూడు. కిందవి నల్లగా మట్టిలో కలిసిపోయి రాలేదు. పోన్లే అనుకున్నాడు. తీసినవి కట్టలు కట్టలుగా మోసుకుపోయి కలివిపొద వెనకాల దాచాడు. ఖాళీ అయిన చోట ఎండుటాకులు చల్లాడు. ఇంటికెళ్ళేసరికి నడుం పట్టేసింది. పుట్టాక అంత పని ఎప్పుడూ చెయ్యలేదు పాపం.

ఆదివారం పొద్దున్నే బస్తీవాళ్ళు దిగారు. ముగ్గురన్నారు గానీ, కోడి వెంకటలక్ష్మి వెనకాల ఏడు పిల్లలున్నాయి. "వీళ్ళని లెక్కలో వెయ్యకండి, నా రెక్క కిందే ఉంటారు" అంది. రెండోవాడు బబ్లూ, బొద్దుగా, తెల్లగా, బొచ్చంతా దువ్విన పెంపుడు కుక్క. నాలుగడుగులకోసారి కూర్చుంటాడు. మూడోవాడు పొట్టేలు ఓబులయ్య. మోకాళ్ళ నొప్పులు. నడిస్తే తగ్గుతాయని ఎవరో చెప్పారట.

నారప్ప దారి మొదలైంది. సగం ఎక్కారో లేదో బబ్లూ చతికిలబడ్డాడు.

"తేలిక దారన్నారు?"

"తేలికే బాబూ! దిగేటప్పుడు చూడు ఎంత తేలికో" అన్నాడు నారప్ప. "అదుగో ఆ రాయి చూశావా, పులి మూతిలా లేదూ? ఈ గాలి చూశావా? బస్తీలో దొరుకుతుందా?"

మాటలు మాత్రం తియ్యగా చెప్పేవాడు. ఆ మాటల తాడు పట్టుకునే అందరూ ఎక్కారు. గుహ ముందు మరమరాల పొట్లం విప్పితే సగం వాడే తిన్నాడు. దిగేటప్పుడు ఓబులయ్య జారి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పది బారలు పోయాడు. చెరువు గట్టు చేరేసరికి ఒక కోడిపిల్ల ఏడుస్తోంది, మిగతా ఆరూ దాన్ని చూసి ఏడుస్తున్నాయి.

కానీ చెరువు చూశాక అందరూ గట్టు అంచుకి వచ్చి మెడలు చాచారు. నీళ్ళ మీద పొద్దుటి మసక ఇంకా పూర్తిగా విడలేదు. కొంగలు ఒక్కొక్కటే కనబడుతున్నాయి. సింగారమ్మ పక్కకి నిలబడి, వాళ్ళ మొహాలు చూసింది. తను మొదటిసారి చూసినప్పుడు తన మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుంది. అమ్మ తిరిగి చూసి ఎందుకో నవ్వింది అప్పుడు. ఎందుకు నవ్విందో ఇప్పుడు తెలిసింది.

"పోదామా అమ్మా?" అంది.

గట్టు మీంచి నడక మొదలైంది. పక్కన జమ్ము గాలికి ఊగుతోంది, నీళ్ళలో తామరాకులు. సింగారమ్మ ముందు. ఏడు పిల్లలూ ఏడుపు మానేసి వరసలో.

"అక్కా, ఇది ఎక్కుడేనా? తెలియట్లేదే" అంది వెంకటలక్ష్మి కాసేపటికి.

"ఎక్కుడేనమ్మా. కాలికి తెలియనివ్వదు అంతే."

ఓబులయ్య ఉన్నట్టుండి ఆగి గాలి పీల్చాడు. "నేనిక్కడికి వచ్చాను" అన్నాడు.

"కలలోనా మావయ్యా?" అన్నాడు బబ్లూ.

"కాదురా. చిన్నప్పుడు. మా మందని ఎండాకాలం మేతకి గుట్ట దాటించేవాళ్ళు. ముందు ఎవరివో గాడిదలు పోయేవి. ఒకదాని మెడలో గంట ఉండేది. మేం గంట వెనకే పోయేవాళ్ళం."

సింగారమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే కళ్ళు చూపించాల్సొస్తుంది. "మా అమ్మ" అంది అంతే. నారప్ప మాత్రం వెనక నుంచి "ఆహా, చుట్టాలు కలిశారు! నడవండి నడవండి, ఎండెక్కుతోంది" అన్నాడు.

గట్టు చివర సింగారమ్మ అలవాటుగా ఒక ఎండు తంగేడు పుల్ల నోట కరుచుకుంది. నాలుగు బారలు పోతే ఊట వంపు.

అక్కడికొచ్చి ఆగిపోయింది.

కుప్ప లేదు. ఆకులు పరిచి ఉన్నాయి. వంపు ఆవిడకి తెలియక కాదు. కళ్ళు కట్టేసినా తెలుస్తుంది. కానీ ముందుకాలు పెట్టబోతే కాలు ఒప్పుకోలేదు. నేల మొహం మారినట్టుంది. గిట్ట అంచు ఆకుల మీద ఆనించింది. కింద ఏదో సన్నగా వణికింది. కాలు వెనక్కి తీసేసుకుంది.

"ఏమైందక్కా?" అంది వెంకటలక్ష్మి.

"ఆగండమ్మా. ఇక్కడ ఏదో బాగాలేదు."

నారప్ప కళ్ళు మెరిశాయి. "చూశారా? దారి మర్చిపోయింది!" అని ఎగిరి ముందుకొచ్చాడు. "నేను ముందే అనుకున్నా. ముసలి తల. సొంత దారే మర్చిపోతే ఇంక వచ్చినవాళ్ళ గతేంటి?"

"మర్చిపోలేదురా. దారి ఇదే. ఇటు నుంచే."

"ఇటు నుంచే అయితే నడువు మరి!"

"నడవను."

"ఎందుకు?"

"ఎందుకో తెలియదు. నడవను."

బబ్లూ మొహం అటు తిప్పుకున్నాడు. "గాడిద మొండికేస్తే ఇంతే" అని గొణిగాడు. వెంకటలక్ష్మికి కూడా విసుగొచ్చింది. "ఏంటక్కా ఇది, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, నడినెత్తికి ఎండొస్తోంది. నీకు పోవాలని లేకపోతే పక్కకి జరుగు, మేం పోతాం."

పిల్లల్లో పెద్దది అప్పటికే సింగారమ్మ కాళ్ళ మధ్య నుంచి దూరబోయింది. సింగారమ్మ గభాల్న అడ్డం తిరిగింది. దారికి అడ్డంగా, తల ఒక బండకి, తోక ఒక బండకి ఆనేలా నిలబడింది.

"అయ్యో! నా పిల్లని తొక్కేసేదానివి!" అని అరిచింది వెంకటలక్ష్మి. "ఓబులయ్యగారూ, మీరైనా చెప్పండి."

ఓబులయ్య ఆకుల కేసి చూశాడు, సూర్యుడి కేసి చూశాడు. "సింగారమ్మా" అన్నాడు మెల్లిగా, "పెద్దయ్య ఎండ లెక్క చూస్తున్నాడు. ఇక్కడ ఆగిపోతే నీ దారికి కంప పడుతుంది. తెలుసు కదా?"

తెలుసు. అదే కదా ఆవిడ వారం రోజులుగా తలుచుకుంటున్నది. ఒక్క అడుగు. వేసేస్తే సరిపోతుందేమో. ఏమీ కాదేమో. ముసలి గిట్టల భ్రమేమో. ఎండ చింతచెట్ల మీంచి నెత్తికెక్కుతోంది. కింద ఏడు పిల్లలు, ఒక్కొక్కటి గుప్పెడంత, తన పొట్ట కింద నుంచి తొంగి చూస్తున్నాయి.

"పోతే పోనీ అన్నా" అంది. నోట్లో పుల్ల ఇంకా అలాగే ఉంది, అందుకే మాట ముద్దగా వచ్చింది. "దారి పోతే పోనీ. కాలు వద్దంటున్న చోట పిల్లల్ని నడిపించను."

"అయితే ఓడిపోయినట్టే!" నారప్ప చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "అందరూ విన్నారు కదా? రండి పిల్లలూ, మావయ్య చూపిస్తాడు. ముసల్దాని దారి ముసల్దానికన్నా నాకే బాగా తెలుసు. చూడండి, ఇలా..."

బండ ఎక్కి, సింగారమ్మ వీపు మీంచి ఒక్క గెంతు గెంతి, అటువైపు ఆకుల మధ్యలో నాలుగు కాళ్ళ మీదా దిగాడు.

బుడుంగుమంది.

ఆకులు చెదిరి నల్లటి బురద పైకొచ్చింది. కాళ్ళు కనబడలేదు. పొట్ట కనబడలేదు. వీపు, మెడ, మొహం, ఆ మొహంలో రెండు గుండ్రటి కళ్ళు.

వెంకటలక్ష్మి ఏడుగుర్నీ రెక్కల కింద లాక్కుని లెక్కపెట్టుకుంది. ఒకసారి, రెండుసార్లు. తర్వాత సింగారమ్మ కాలికి తల ఆనించింది.

"అత్తా!" అన్నాడు నారప్ప, మూతి పైకెత్తి. "అత్తా, లాగవా?"

"దిగితే నేనూ మునుగుతాను. పుల్లలు వెయ్యాలి కిందికి. బోలెడు. ఇక్కడుండేవి ఎక్కడికి పోయాయో!"

నారప్ప బురద మింగాడు. "ఏమో అత్తా. గాలికి..."

"గాలికా? నిన్న గాలే లేదే" అన్నాడు ఓబులయ్య.

"కొంగలు... గూళ్ళకి..."

"కొంగలు గూళ్ళు కట్టే రోజులా ఇవి? పోనీ, అడవంతా తిరిగి ఏరుకొస్తాం. సాయంత్రానికి అయిపోతుందిలే. నువ్వు కదలకుండా ఉండు" అని ఓబులయ్య నింపాదిగా కూర్చున్నాడు.

బురద ఒక బుడగ తీసింది.

"కలివిపొద!" అని అరిచాడు నారప్ప. "కలివిపొద వెనకాల ఉన్నాయి! ఎడమవైపు! కట్టలు కట్టలుగా!"

బబ్లూ తల పక్కకి వాల్చి అడిగాడు. "గాలి కట్టలు కూడా కడుతుందా మావయ్యా, మీ అడవిలో?"

నారప్ప కళ్ళు మూసుకున్నాడు.

సింగారమ్మ ముందుగా తన నోట్లో ఉన్న తంగేడు పుల్ల వేసింది. తర్వాత బబ్లూ, దువ్విన బొచ్చంతా ముళ్ళకి చిక్కుకుంటున్నా, కట్టలు ఈడ్చుకొచ్చాడు. ఓబులయ్య కొమ్ములతో తోశాడు. వెంకటలక్ష్మి ముక్కుతో సర్దింది. ఏడు పిల్లలూ ఏడు గడ్డిపరకలు పట్టుకొచ్చి, చాలా బరువైనట్టు ఆయాసపడుతూ వేశాయి. వరస మీద వరస పడింది. నేల మళ్ళీ నేలలా బిగుసుకుంది. అప్పుడు సింగారమ్మ ముందుకాళ్ళు దాని మీద పెట్టి, వంగి, నారప్ప మెడ మీది తోలు పళ్ళతో పట్టుకుని ఒక్క లాగు లాగింది.

బయటపడ్డాడు. నల్లగా, సన్నగా, ఉతికి పిండిన గోనెసంచిలా.

"నిలువునా మునిగిపోతాననుకున్నా" అన్నాడు వణుకుతూ. "పొట్ట దాకా వచ్చి ఆగిపోయింది. కాళ్ళకి కింద ఏదో తగిలింది. గట్టిగా. అదే ఆపింది."

సింగారమ్మ వాడి కాళ్ళకేసి చూసింది. గోళ్ళ మధ్య నల్లటి పుల్ల ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. బాగా పాతవి. బొగ్గులా అయిపోయినవి. వాడి పళ్ళకి రానివి.

ఆవిడ కాళ్ళ కింది పుల్లల్ని గిట్టతో మెల్లిగా తట్టి చూసింది. ఇన్నేళ్ళూ దణ్ణం అనుకుంది. కాదు. ఇది నేల. ఊట మీద వాళ్ళు వేసుకున్న నేల. పైన తను వేసినవి, దాని కింద అమ్మ వేసినవి, దాని కింద అమ్మమ్మ. సంతకి పోయిన పన్నెండు గాడిదలూ ఇక్కడే ఉన్నాయి, కిందన, వరసలు వరసలుగా. అమ్మ పోయిందనుకుంది గానీ, తను రోజూ అమ్మ మీదే కాలేసి గుట్ట ఎక్కుతోంది.

"అత్తా, తిట్టవా?" అన్నాడు నారప్ప.

"నువ్వు మునిగిపోకుండా ఆపింది మా అమ్మరా" అంది సింగారమ్మ. "ఆవిడే ఆపాక నేనేం తిడతాను? నడువు."

ఇప్పచెట్టు కిందికి చేరేసరికి ఎండ నడినెత్తి దాటిపోయింది. జంగయ్య రెండు కళ్ళూ తెరిచే ఉన్నాడు.

"ఆలస్యమైంది సింగారమ్మా. మాట ప్రకారం..."

"మాట ప్రకారం మమ్మల్ని కదా అడగాలి?" అని అందుకుంది వెంకటలక్ష్మి, మెడ రిక్కించి. బస్తీ కోడి, ఎలుగుబంటికి కూడా జడవలేదు. "ఏ దారి బాగుందో మేం చెప్పాలి కదా? మళ్ళీ వస్తే ఈ అక్క వెనకే వస్తాను. ఆలస్యమైనా ఏడుగురూ ఉన్నారు. చూస్కోండి."

"నాకు మోకాళ్ళు నొప్పుట్టలేదు" అన్నాడు ఓబులయ్య.

"నాకు ఆకలేస్తోంది" అన్నాడు బబ్లూ. "కానీ ఆ దారే బాగుంది."

జంగయ్య ముక్కు ఎగరేసి బురద వాసన పట్టాడు, అది ఎవరి మీంచి వస్తోందో చూశాడు. "ఇదేంటి నారప్పా?"

నారప్ప నోరు తెరిచాడు. ఏడు కోడిపిల్లలూ ఒకేసారి మొదలెట్టాయి. కలివిపొద దగ్గర్నుంచి బుడగ దాకా ఏదీ వదల్లేదు.

ఆ వానాకాలం నారప్ప దారికే కంప పడింది. పెద్దయ్య ఇంకో మాట కూడా అన్నాడు. పుల్లలు మొయ్యడం నారప్పకి బాగా వచ్చు కాబట్టి, రోజూ పొద్దున్నే ఊట వంపు దగ్గర ఒక కట్ట తెచ్చి పెట్టాలి, వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక పుల్ల అందించాలి. గుహ ముందు కూర్చుని మరమరాలు తిందామనుకున్నవాడు, ఇప్పుడు మరమరాలు తినుకుంటూ వచ్చేవాళ్ళకి పుల్లలందిస్తున్నాడు. ఎవరైనా ఎందుకండీ ఇది అని అడిగితే, పొట్ట దాకా చూపించి మరీ చెప్పాలి. అదీ పెద్దయ్య మాటే.

వానలు తగ్గాక ఒక చలికాలం ఆదివారం సింగారమ్మ చెరువు గట్టు మీద నిలబడింది. వెనక ఇరవై మంది. మేకలు, బాతులు, ఒక ముసలి ఎద్దు, పెద్దవైపోయిన ఏడు కోళ్ళు. దారి మీద గడ్డి మొలవడానికి సందే లేదు. పొగమంచులోంచి కొంగలు ఒక్కొక్కటే వచ్చాయి. తడి అడ్డాకుల వాసన, జమ్ము వాసన. ఓబులయ్య ఎక్కణ్ణుంచో ఒక పాత గంట సంపాదించి ఆవిడ మెడలో కట్టాడు. కదిలితే మోగుతుంది. మొదట్లో సిగ్గేసింది ఆవిడకి.

తోక దగ్గర ఏదో తగిలితే తిరిగి చూసింది. ఈ మధ్యే పుట్టిన మేకపిల్ల, చెరువు చూసి నోరు తెరిచి, ఆవిడ తోకకి ముక్కు ఆనించి నిలబడింది. సింగారమ్మకి నవ్వొచ్చింది. తిరిగి ముందుకి నడిచింది, గంట మోగించుకుంటూ.

ముందు నడిచినవాళ్ళు ఒక పుల్ల వేసి పోయారంటే, ఎందుకో తెలియకపోయినా మనమొకటి వెయ్యాలి గానీ, ఉన్నది మాత్రం తియ్యకూడదు.